లెన్స్ సంగతి తర్వాత, ముందు గుర్రం చెవులు చూడ్డం నేర్చుకోండి

మీరడిగింది ఇదీ కదా, ఉద్యోగం చేస్తూనే వీకెండ్స్‌లో గుర్రాల ఫొటోలు తీసే చిన్న బిజినెస్ పెట్టాలి, కెమెరా ఉంది, ఏ లెన్స్ కొనాలి, పోటీల దగ్గర మొదలెట్టాలా లేక ఓనర్ల దగ్గరికే వెళ్లి సెషన్లు చెయ్యాలా, రేటు ఎలా పెట్టాలి. నేను ఆరేళ్లుగా ఇదే పని చేస్తున్నా, మొదటి రెండేళ్లు ఉద్యోగంతో పాటే. మొదలెట్టిన తీరు మాత్రం నాడా దొరికిందని గుర్రం కొన్నట్టే, సెకండ్ హ్యాండ్‌లో పెద్ద జూమ్ లెన్స్ ఒకటి దొరికింది కాబట్టి బిజినెస్ పెట్టేశా. అందుకే లెన్స్ గురించి ఆఖర్న చెప్తా, తిట్టుకోకండి.

మొదటిసారి ఒక జంపింగ్ పోటీకెళ్లి పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాదాపు 1,900 ఫ్రేములు కొట్టా. రెండు రాత్రులు కూర్చుని ఏరి, ఎడిట్ చేసి ఆన్‌లైన్ గ్యాలరీ పెట్టా. అమ్ముడైనవి మూడు. అందులో ఒకటి గుర్రానిది కూడా కాదు, కంచె మీద కూర్చున్న పిల్లాడిది, వాళ్లమ్మ కొనుక్కుంది. నాకేమో ఆ గ్యాలరీలో ఒక ఫొటో తెగ నచ్చింది, వెనక ఎండ, దుమ్ము లేస్తోంది, గుర్రం అడ్డంకి దాటి కిందకి దిగుతోంది, అబ్బా ఏం తీశాన్రా అనుకున్నా. ఆ రైడర్‌కి చూపిస్తే మర్యాదగా నవ్వి "బాగుందండీ, కానీ ఇందులో మా గుర్రం కుంటుతున్నట్టుంది, చెవులు చూడండి ఎంత చిరాగ్గా ఉందో, నేనేమో పగ్గాలు పట్టుకుని వేలాడుతున్నా" అంది. మళ్లీ చూస్తే నిజమే. నా కళ్లు ఎండ మీదా దుమ్ము మీదా ఉన్నాయి, ఆవిడ కళ్లు గుర్రం మీద.

ఇది అర్థమయ్యాకే నాకు డబ్బులు రావడం మొదలైంది. గుర్రం ఉన్నవాళ్లు రోజూ దాన్ని తోముతారు, గిట్టలు శుభ్రం చేస్తారు, దాని అడుగు ఎక్కడ పడుతుందో నిద్రలో అడిగినా చెప్తారు. వాళ్ల కంటికి తప్పుగా కనపడిన ఫొటో మీరు ఎంత అందంగా తీసినా కొనరు, ఫ్రీగా ఇచ్చినా గోడకి పెట్టుకోరు. కాబట్టి మొదటి మూడు నెలలు కెమెరా సెట్టింగుల వీడియోలు తగ్గించి, దగ్గర్లో రైడింగ్ స్కూలో గుర్రపుశాలో ఏదుంటే అక్కడికెళ్లి పర్మిషన్ తీసుకుని ఊరికే నిలబడి చూడండి. నేనైతే ఆదివారాలు వెళ్లి లద్దె ఎత్తా కూడా, సిగ్గేం లేదు, దానివల్లే మొదటి ముగ్గురు కస్టమర్లు దొరికారు.

చూడ్డం కంటే ముందు వినాలి అసలు. గిట్టల చప్పుడు నడకలో నాలుగు దెబ్బలు, ట్రాట్‌లో (అంటే చిన్న పరుగులో) రెండు, క్యాంటర్‌లో (ట్రాట్‌కీ దౌడుకీ మధ్య పరుగులో) మూడు, ఫుల్ దౌడులో మళ్లీ నాలుగు. కళ్లు మూసుకుని వింటే వారంలో పట్టుబడుతుంది. ట్రాట్‌లో ముందు కుడికాలు, వెనక ఎడమకాలు ఒక జంటగా, మిగతా రెండూ ఇంకో జంటగా కదుల్తాయి, ముందుకాలు బాగా చాచిన క్షణంలో తీస్తే ఓనర్ మొహం వెలుగుతుంది. క్యాంటర్‌లో ముందు భాగం పైకి లేచినప్పుడు తియ్యాలి, బరువంతా ముందుకాలి మీదకొచ్చి తల కిందకెళ్లినప్పుడు తీస్తే పడబోతున్నట్టు ఉంటుంది. జంప్‌లో ముందుకాళ్లు మడిచి అడ్డంకి కర్ర మీద ఉన్నప్పుడు, దిగేటప్పుడు కాదు (నా ఘనకార్యం పైన చెప్పా కదా). బర్స్ట్ (బటన్ నొక్కి పట్టుకుని వరసగా ఫొటోలు) కొడితే ఏదో ఒకటి పడుతుందిలే అనుకుంటాం, పడుతుంది కూడా, కానీ రోజుకి నాలుగువేల ఫ్రేముల్లోంచి ఏరుకునే ఓపిక ఉండాలి. లయ వచ్చాక నేను మూడు నాలుగు ఫ్రేముల బర్స్ట్‌తో సరిపెడుతున్నా.

కంటిని నమ్మితే ఏమవుతుందో చెప్పే పాత కథ ఒకటుంది. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్, రైల్వే వ్యాపారి లీలాండ్ స్టాన్‌ఫోర్డ్ గుర్రం పరిగెడుతుంటే వరసగా పెట్టిన 12 కెమెరాలతో ఫొటోలు తీశాడు. అప్పటిదాకా చిత్రకారులు దౌడు తీసే గుర్రాన్ని ముందుకాళ్లు ముందుకి, వెనక్కాళ్లు వెనక్కి బార్లా చాపి గాల్లో తేలుతున్నట్టు వేసేవాళ్లు. తీరా చూస్తే నాలుగు గిట్టలూ నేల వదిలేది నిజమే, కానీ అది కాళ్లన్నీ పొట్ట కిందకి ముడుచుకున్నప్పుడు. గుర్రాల మధ్యే బతికిన రోజుల్లో కూడా మనుషుల కళ్లు అంత తప్పు చూశాయి మరి.

ఇంక చెవులు. రెండు చెవులూ ముందుకి నిక్కబొడుచుకుని ఉంటేనే పోర్ట్రెయిట్, వెనక్కి అణిచి ఉంటే డిలీట్, అంతే. అందుకే ఒక్కరే వెళ్లొద్దు, గుర్రాన్ని పట్టుకునే మనిషి ఒకరు, చెవుల కోసం శబ్దం చేసే మనిషి ఇంకొకరు ఉండాలి. కవరు గలగలలాడించడం, దాణా డబ్బా ఊపడం, ఫోన్లో సకిలింపు పెట్టడం, ఏదైనా రెండు మూడుసార్లే పనిచేస్తుంది, తర్వాత నీ మొహంలే అన్నట్టు చూస్తుంది, కాబట్టి అన్నీ రెడీ అయ్యాకే వాడాలి. నేనొకసారి ఓనర్‌ని అడక్కుండా ఫోన్లో సకిలింపు ఫుల్ వాల్యూమ్‌లో పెట్టేశా, శాలలో ఉన్న గుర్రాలన్నీ ఒకేసారి సకిలించి తలుపులు తన్నడం మొదలెట్టాయి, మేం తీస్తున్న గుర్రం చుట్టూ తిరగడమే తిరగడం. అరగంట పోయింది.

అంతకన్నా పెద్ద తప్పు రిఫ్లెక్టర్‌ది. వెలుతురు మళ్లించడానికి వాడే మడత పెట్టే రిఫ్లెక్టర్ ఉంటుంది కదా, దాన్ని గుర్రం పక్కనే నిలబడి ఫట్‌మని తెరిచా. గుర్రం పట్టుకున్నాయన చేతిలోంచి తాడు లాక్కుని పారిపోయింది, అదృష్టం కొద్దీ గేటు వేసే ఉంది, ఎవరికీ ఏం కాలేదు, ఆయన అరచెయ్యి మాత్రం తాడుకి ఒరుసుకుపోయింది. గుర్రానికి రెండు పక్కలా దాదాపు చుట్టూ కనిపిస్తుంది, సరిగ్గా నుదుటి ముందూ తోక వెనకా మాత్రం కనపడదు, అందుకే ఎప్పుడూ భుజం వైపు నుంచి మాట్లాడుతూ వెళ్లాలి, వెనక నుంచి వెళ్లకూడదు, లో యాంగిల్ కోసం దాని కాళ్ల దగ్గర కూర్చోకూడదు, ఫ్లాష్ అసలు వద్దు. ఆ మర్నాడే మూడో మనిషికి జరిగే నష్టానికి వర్తించే లయబిలిటీ ఇన్సూరెన్స్ తీసుకున్నా. మొదటి సెషన్‌కి ముందే తీసుకోవాల్సింది అది, లెన్స్ కంటే ముందు.

వెలుతురు గురించి ఒక్క ముక్క. కెమెరా నల్లగుర్రాన్నీ తెల్లగుర్రాన్నీ రెంటినీ బూడిదరంగు చెయ్యాలని చూస్తుంది, కాబట్టి ఫ్రేము నిండా నల్లగుర్రం ఉంటే ఎక్స్‌పోజర్ (ఫొటో ఎంత వెలుగ్గా రావాలన్నది) కాస్త తగ్గించాలి, తెల్లదైతే కాస్త పెంచాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో బ్రతిమాలినా తియ్యను. అలాంటప్పుడు గుర్రాన్ని శాల గుమ్మానికి అడుగు లోపల నిలబెట్టి, లోపలి లైట్లు ఆర్పేసి బయట నుంచి తీస్తే మొహం మీద మెత్తని వెలుతురు, వెనకంతా చీకటి, స్టూడియోలో తీసినట్టు వస్తుంది. నా దగ్గర ప్రింట్లుగా ఎక్కువ అమ్ముడయ్యేవి ఇవే, ఖర్చేమో సున్నా.

పోటీలా, సెషన్లా అన్నదానికి నా జవాబు సెషన్లే. పోటీలో ముందు తీసి తర్వాత కొనేవాడి కోసం ఎదురుచూడాలి, పైగా చాలాచోట్ల నిర్వాహకులకి వాళ్ల ఫొటోగ్రాఫర్ ఉంటాడు, అడక్కుండా తీసి అమ్మితే గొడవ. పోటీలకి వెళ్లండి, కానీ నేర్చుకోడానికి, మనుషుల్ని కలవడానికి. సెషన్‌లో సగం డబ్బు ముందే చేతికొస్తుంది, ఎవరికోసం తీస్తున్నారో తెలుస్తుంది. అమ్మకానికి పెట్టిన గుర్రాలకి తీసే పని కూడా ఉంటుంది, అది వేరే లెక్క, అక్కడ అందం అక్కర్లేదు, గుర్రం చదునైన నేల మీద పక్కకి నిలబడాలి, నాలుగు కాళ్లూ కనపడాలి, కెమెరా దాని పొట్ట మధ్య ఎత్తులో సరిగ్గా ఎదురుగా ఉండాలి, కొంచెం ముందుకి జరిగి తీసినా తల పెద్దదై వెనక భాగం బక్కగా కనిపిస్తుంది, అప్పుడు అమ్మేవాడు మిమ్మల్ని తిడతాడు.

రేటు దగ్గర అందరిలా నేనూ బోల్తా పడ్డా. పేరొస్తుందని ఒక శాలలో అందరికీ ఫ్రీగా తీసిపెట్టా, పేరొచ్చింది, ఫ్రీగా తీస్తాడని. తర్వాత ఏడాది దాకా అక్కడ ఎవరూ డబ్బివ్వలేదు. పోర్ట్‌ఫోలియో కావాలంటే రంగు రంగుకి ఒకటి చొప్పున మూడు గుర్రాలు మీరే ఎంచుకుని తియ్యండి, బిల్లులో మామూలు రేటు రాసి దాని కింద డిస్కౌంట్ రాయండి, కనీసం రేటు ఒకటుందని తెలుస్తుంది. లెక్క వేసేటప్పుడు గుర్రం దగ్గర గడిపిన గంటన్నరే లెక్కెయ్యకండి. ప్రయాణం, ఏరడం, ఒక్కో ఫొటోలో హాల్టరూ (గుర్రం తలకి తొడిగే పట్టీ) తాడూ చెరపడం (గుర్రం పక్కకెళ్లాక ఖాళీ బ్యాక్‌గ్రౌండ్ ఒక ఫ్రేము తీసుకోండి, సగం టైం మిగుల్తుంది), అన్నీ కలిపితే నాకు ఒక సెషన్‌కి ఏడెనిమిది గంటలు పడుతుంది. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదన్నట్టు పని లేని నెలలో కూడా ఇన్సూరెన్సూ సాఫ్ట్‌వేరూ బ్యాకప్ డ్రైవులూ డబ్బు తింటూనే ఉంటాయి. అవన్నీ ఏడాదికి కూడి, మీరు నిజంగా చెయ్యగలిగిన సెషన్లతో భాగించి చూడండి, మీ మనసులో ఉన్న రేటు కన్నా పెద్ద అంకె వస్తుంది, అదే చెప్పండి.

కాగితం మీద రాసుకోకుండా పని మొదలెట్టొద్దు. ఎన్ని ఫొటోలు, ఎప్పటికి ఇస్తారు, మీ ప్రచారానికి వాడుకోవచ్చా, రైడర్ చిన్నపిల్లైతే తల్లిదండ్రుల సంతకం. గుర్రం ఒకరిది, ఎక్కేది ఇంకొకరు అయితే ఇద్దరినీ అడగాలి. కాపీరైట్ ఎవరిదన్నది మీ చోట చట్టం చూసుకుని రాయండి.

వాన పడితే ఇంకో తేదీ అని కూడా అందులో ఉండేది నాకు. ఒకావిడ 29 ఏళ్ల గుర్రానికి ఫొటోలు కావాలని బుక్ చేసుకుంది. ఆరోజు వాన లేదు, ఊరికే మబ్బుగా ఉంది, వెలుతురు బాగోదని నేనే వచ్చేవారానికి మార్పించా. నాలుగోరోజు ఆవిడ మెసేజ్ పెట్టింది, కడుపునొప్పి వచ్చి రాత్రికి రాత్రే పోయిందని. అడ్వాన్స్ వెనక్కిస్తే వద్దంది. ఇప్పుడు ముసలి గుర్రం అంటే మబ్బైనా వానైనా చెప్పిన రోజే వెళ్తా, శాల గుమ్మం ఉండనే ఉంది.

ఇక లెన్స్. 70-200 మిల్లీమీటర్ల ఎఫ్/2.8 (ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే వెలుతురు ఎక్కువ లోపలికొస్తుంది), సెకండ్ హ్యాండ్ చాలు, కొనేముందు రెండు వారాంతాలు అద్దెకి తెచ్చుకుని చూడండి. బయట మాత్రమే తీస్తానంటే ఎఫ్/4 కూడా సరిపోతుంది. దగ్గర్నుంచి వైడ్ లెన్స్‌తో తీస్తే తల గుమ్మడికాయలా వస్తుంది. దౌడుకీ జంప్‌కీ షట్టర్ వేగం సెకనులో 1/1000 కన్నా తగ్గొద్దు, ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే కొన్ని కెమెరాల్లో కాళ్లు వంకరపోతాయి, చూసుకోండి. నా మొదటి పెద్ద జూమ్ పొడుగైతే 600 దాకా వెళ్లేది గానీ అక్కడ ఎఫ్/6.3, కప్పున్న మైదానంలో వెలుతురు చాలక అన్నీ చుక్కలు చుక్కలుగా వచ్చేవి, రెండేళ్లు మోసి అమ్మేశా. కొన్నాయన పక్షుల ఫొటోలు తీస్తాడు. మొన్న కలిస్తే అదంత మంచి లెన్స్ ఎందుకమ్మావయ్యా అన్నాడు.