మల్లయ్యలందరూ ఒక్క బకెట్లనే పడ్డరు

ప్రశ్న: స్ట్రింగ్స్‌ని హ్యాష్ టేబుల్ల పెట్టడానికి అన్నిటికంటే ఫాస్ట్ హ్యాష్ ఫంక్షన్ ఏది? సెక్యూరిటీ అవసరం లేదు.

హ్యాష్ ఫంక్షన్ అంటే స్ట్రింగ్‌ను (అక్షరాల వరుసను) నంబర్ చేసేది, ఆ నంబర్‌ను బట్టి అది టేబుల్ల ఒక గదిల, అంటే బకెట్ల పడ్తది; ఒకే బకెట్ల ఎక్కువ పడితే ఒక్కొక్కటి చూసుకుంట వెతకాలె, స్లో అయితది. స్పీడ్ గురించి అడిగిన్రు కదా, స్పీడ్ కోసమని రాసిన హ్యాషే నన్ను ఎట్ల ముంచిందో చెప్త.

మా వరంగల్ ఎనుమాముల మార్కెట్ల ఒక అడ్తి దుకాణానికి లెక్కల ప్రోగ్రామ్ చూసుకునేటోన్ని, నాకంటే ముందు ఎవరో సి లాంగ్వేజ్‌ల రాసిపోయిన్రు. రైతు పేరు, ఊరు కలిపి కీ (లెక్కను వెతికే గుర్తు), అన్నీ ఇంగ్లీష్ అక్షరాలల్లనే. తక్‌పట్టీ (అమ్మకం రసీదు) మీద రైతు తన పేరు తాను చదువుకోలేకపోతే ఎట్ల అని నేనే సేటును బతిమాలి మొత్తం తెలుగులకు మార్చిన. మిర్చి సీజన్ వచ్చింది, జెండా పాట అయిపోయింది, కాంటాలు నడుస్తున్నయి, గుమస్తా పాత పట్టీలన్నీ రైతువారీగ తియ్యమంటే అంతకుముందు రెండు మూడు సెకన్లల వచ్చే లిస్టు నిమిషం దాటినా రాలే. బయట రైతులు ఎండల నిలబడ్డరు. సేటు ఒకటే మాట, "ఇంగ్లీష్ల ఉన్నప్పుడే మంచిగుండె కదరా, మళ్ల అదే పెట్టు" అని.

ఆ రాత్రి కూసోని ఏ బకెట్ల ఎన్ని పేర్లున్నయో ప్రింట్ చేసిన. చానా బకెట్లు ఖాళీ. ఒక్క దాంట్ల మాత్రం మల్లయ్య పరకాల, మల్లయ్య ఆత్మకూరు, మల్లయ్య గీసుగొండ, మల్లయ్య సంగెం, మల్లయ్య నర్సంపేట... స్క్రీన్ జరుగుతనే ఉన్నది. ఇంకోదాంట్ల సమ్మయ్యలు, ఇంకోదాంట్ల కొమురయ్యలు. మా దిక్కు ఐనవోలు మల్లన్న, మేడారం సమ్మక్క, కొమురవెల్లి పేర్లు ఇంటికొకరికి పెట్టుకుంటరు, తప్పేమున్నది దాంట్ల?

తప్పు హ్యాష్‌ది. స్పీడ్ కోసమని స్ట్రింగ్‌ల మొదటి 16 బైట్లే చూస్తుండె. ఇంగ్లీష్ల Mallaiah Parkal అని రాస్తే, అక్షరానికో బైట్ లెక్కన పేరూ ఊరూ అంతా 15 బైట్లల్లనే అయిపోతది. యూటీఎఫ్-8ల (అక్షరాలను బైట్లుగ దాచే పద్ధతి) తెలుగు కోడ్, అంటే ఒక్కో అక్షరం, గుణింతం, పొల్లు గుర్తుకు 3 బైట్లు, మల్లయ్య అంటే చూడ్డానికి మూడక్షరాలే గాని ఒత్తులతోని కలిపి 7 కోడ్లు, 21 బైట్లు. అంటే 16 బైట్లకు పేరే పూర్తి కాలే, ఇగ ఊరెక్కడ చూస్తది? జావా కూడ మొదట్ల పొడుగు స్ట్రింగ్‌లల్ల కొన్ని అక్షరాలే ఏరుకొని చూసేది, యూఆర్ఎల్‌లతోని దెబ్బతిన్నది, 1.2 నుంచి ప్రతి అక్షరం చూస్తది, 31తోని గుణించుకుంట.

అన్ని బైట్లు కూడి పెట్టేటోళ్లు కూడ ఉన్నరు, అది ఇంకా అన్యాయం, రవి, వరి రెండిటికీ ఒకటే నంబర్ వస్తది.

నేను పెట్టింది ఎఫ్ఎన్‌వి-1ఎ అనే హ్యాష్ ఫంక్షన్. 2166136261తోని మొదలుపెట్టి, ఒక్కో బైట్‌ని ఎక్సార్ చేసి (బిట్లు బిట్లుగ కలిపే లెక్క) 16777619తోని గుణించి, 32 బిట్లు ఉంచుకునుడు, అంతే. నాలుగైదు లైన్లు. బైట్ తర్వాత బైట్ పోతది కాబట్టి పెద్ద ఫైళ్లకు స్లోనే, వాటికి 2012ల యాన్ కొలే తెచ్చిన ఎక్స్ఎక్స్‌హ్యాష్ అనే ఇంకో హ్యాష్ వాడుకోండ్రి. పేర్లు, ఊర్లు అసుంటి చిన్న స్ట్రింగ్‌లకు సెకండ్‌కు ఎన్ని జీబీలు అనే లెక్కలు చూసి ఆగం కావద్దు. తెల్లారి అదే పాత కంప్యూటర్ల గుమస్తా బటన్ నొక్కి చెయ్యి తీసేలోపు లిస్టు వచ్చింది. సేటు మళ్ల ఇంగ్లీష్ మాట ఎత్తలే.

ఒక్కటి మాత్రం ఏ హ్యాషూ సరిచెయ్యది. మైసయ్య పేరుల ఐత్వం ఒక్క కోడ్‌గ ఉండొచ్చు, ఎత్వం కింద ఐత్వం గుర్తు కలిపి రెండు కోడ్లుగ కూడ ఉండొచ్చు. కంటికి ఒకటే, బైట్లు వేరు. మా లెడ్జర్ల ఒక్క మైసయ్య ఇద్దరై, ఆయన బాకీ ఒకదాంట్ల, జమ ఇంకోదాంట్ల పడ్డది. పాపం ఆ పెద్దమనిషి మూడుసార్లు తిరిగిండు. హ్యాష్‌కు ఇచ్చే ముందే ఎన్ఎఫ్‌సీకి (ఒకే అక్షరాన్ని ఎప్పుడూ ఒకే తీరు కోడ్లల్ల రాసే యూనికోడ్ రూపం) మార్చాలె, తెలుగు డేటాకు ఇది చెయ్యని ప్రోగ్రామ్‌లు చూస్తే నాకు కోపమొస్తది.

సెక్యూరిటీ అవసరం లేదన్నరు గాని, కీలు ఇంటర్నెట్ నుంచి బయటోళ్లు పంపేటివైతే ఎఫ్ఎన్‌వి వద్దు, కావాలని ఒకే బకెట్ల పడే స్ట్రింగ్‌లు పంపి సర్వర్‌ను పడుకోబెడతరు. 2011 డిసెంబర్ల బెర్లిన్‌ల ఇది చేసి చూపెట్టిన్రు, తర్వాత సంవత్సరమే దీన్ని ఆపేటందుకు సిప్‌హ్యాష్ అనే హ్యాష్ వచ్చింది, పైథాన్ 3.4 నుంచి అదే వాడింది.

మీ కీలు ఎట్లుంటయో చెప్పలే మీరు. ఒక పది కీలు, అన్నిటికంటే పెద్ద బకెట్ల ఎన్ని పడ్డయో ఆ లెక్క కింద పెట్టండ్రి, చూసి చెప్త.