పాతకాలపు ఇటాలియన్ భోజనం, తక్కువ ధరలో

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాం. పాతకాలపు ఇటాలియన్-అమెరికన్ హోటళ్లను, చవకైనవి, ఎలా వెతకాలి? మేం శాకాహారులం.

జవాబు: ఇటాలియన్లు స్థిరపడిన పాత పేటలతో మొదలుపెట్టండి: న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో ఆర్థర్ అవెన్యూ, సెయింట్ లూయిస్‌లో ది హిల్ లాంటివి. పర్యాటకులు ఎక్కువగా తిరిగే వీధిలో ధరలూ ఎక్కువే. రెండు వీధులు అవతల చూడండి. అసలు ఆనవాలు మెనూ. బేక్డ్ జీటీ (సాస్, చీజ్ వేసి ఓవెన్‌లో కాల్చిన గొట్టాల పాస్తా), వంకాయ పార్మజాన్ (వేయించిన వంకాయ ముక్కలపై టమాటా సాస్, చీజ్) ఉండి, ప్రధాన వంటకం ధరలోనే సలాడ్, బ్రెడ్, పక్కన కాస్త స్పగెట్టీ ఇస్తుంటే అది పాత పద్ధతి హోటలే. రాత్రికన్నా మధ్యాహ్నం లంచ్ స్పెషల్ చవక. ప్లేటు పంచుకుంటే కొన్నిచోట్ల బిల్లులో అదనంగా డబ్బు వేస్తారు, ముందే అడగండి.

మీరు జాగ్రత్తపడాల్సింది సాస్ దగ్గర. ఇలాంటిచోట ‘సండే గ్రేవీ’ అంటే మాంసం వేసి గంటల తరబడి ఉడికించిన టమాటా సాస్. మాంసం లేని మామూలు టమాటా సాస్ అయిన మారినారా అడగండి, అందులోనూ ఆంకోవీ చేప వేశారేమో కనుక్కోండి. అసలైన పార్మజాన్ చీజ్‌లో పాలు విరగడానికి వాడే, దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్ ఉంటుంది. వద్దనుకుంటే ఆర్డర్‌లోనే చెప్పేయండి.