డెంగ్యూ నివారణకు మున్సిపాలిటీ దోమల పొగ వేస్తే సరిపోతుందా?

సరిపోదు, మున్సిపల్ ఆరోగ్య, పారిశుద్ధ్య సిబ్బంది చేసే పనుల్లో డెంగ్యూను ప్రధానంగా అడ్డుకునేది దోమ రెక్కలు తొడగకముందే, లార్వా దశలోనే దాన్ని నిర్మూలించడం.

డెంగ్యూను వ్యాపింపజేసే ఏడిస్ ఈజిప్టై దోమ ఎక్కువగా ఇళ్లలో, ఇళ్ల చుట్టూ నిలిచిన మంచినీటి అంచున గుడ్లు పెడుతుంది. అనుకూల వాతావరణంలో అవి సుమారు 7 నుంచి 10 రోజుల్లో దోమలవుతాయి. అందుకే సిబ్బంది ఇంటింటికీ తిరిగి నిల్వ నీటిని పారబోయిస్తారు, పారబోయలేని చోట లార్వాను చంపే టెమిఫాస్ మందు కలుపుతారు, బావుల్లో లార్వాను తినే గంబూసియా చేపలను వదులుతారు. తెలుగు రాష్ట్రాల్లో శుక్రవారం ‘డ్రై డే’ (నిల్వ నీటిని పారబోసి తొట్లు, పాత్రలు ఆరబెట్టే రోజు) పాటించమనడం వెనుక ఉన్న లెక్క కూడా ఈ వారం రోజుల గడువే.

ఉదాహరణకు ఎయిర్ కూలర్‌లోని నీళ్లు పారబోయడం ఒక్కటే చాలదు. కూలర్ తొట్టి గోడలకు అంటుకున్న గుడ్లు తడి లేకపోయినా నెలల తరబడి బతికి, మళ్లీ నీరు తగిలినప్పుడు పొదుగుతాయి కనుక తొట్టి లోపలి భాగాన్ని రుద్ది కడగాలి.

పొగ యంత్రం వీధిలోకి వస్తేనే మున్సిపాలిటీ పనిచేసినట్టని చాలామంది భావిస్తారు. ఆ పొగ అప్పటికి ఎగురుతున్న దోమలనే చంపుతుంది. గుడ్లను, నీటిలోని లార్వాను ఏమీ చేయదు, ఇళ్లలో బట్టల వెనుక, మంచాల కింద దాగిన దోమల దాకా చాలావరకు చేరదు. కేసులు బయటపడిన ప్రాంతంలో అది తాత్కాలికంగా ఉపయోగపడే మాట నిజమే, కానీ తొట్లు తనిఖీ చేయడానికి వచ్చిన కార్మికురాలిని గేటు దగ్గరే తిప్పి పంపితే ఆ లోటును ఏ పొగా పూడ్చలేదు.