ఉత్తరం మీదే, అందులోని మాటలు మాత్రం కావు

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా వీధిలో ఒక పెద్దావిడ పోయాక వాళ్లింట్లో ఎస్టేట్ సేల్ పెడితే పాత పుస్తకాల పెట్టె ఒకటి కొన్నాను. ఒక పుస్తకం మధ్యలో హీబ్రూ లిపిలో చేత్తో రాసిన ఉత్తరం దొరికింది. హసిదీ అనే యూదు భక్తి సంప్రదాయంలో లుబావిచ్ శాఖకు పెద్ద, రెబ్బే (మతగురువు) మెనాహెం మెండెల్ ష్నీర్సన్ కుర్రతనంలో తన గురువుకు రాసిందని చూసినవాళ్లు అంటున్నారు. అమ్ముకోవచ్చా? ఫొటో నెట్‌లో పెట్టొచ్చా? వాళ్ల సంస్థ వచ్చి అడిగితే ఇచ్చేయాలా? ఇండియాకి పంపేస్తే ఏ గొడవా ఉండదని మా బావగారి సలహా.

జవాబు: ముందు ఆ ఫొటో సంగతి. దయచేసి ఇంకా పెట్టకండి. ఉత్తరం చేరాక కాగితం అందుకున్నవారి సొత్తు, రాత మీద హక్కు రాసినవారిది. తన ఉత్తరాలను అడక్కుండా అచ్చేసిన ప్రచురణకర్త మీద కవి అలెగ్జాండర్ పోప్ కేసు వేస్తే, 1741లోనే ఇంగ్లండ్ కోర్టు ఈ తేడా చెప్పింది. అమెరికాలోనూ అంతే. కాబట్టి కాగితం అమ్మే హక్కు మీకు ఉండొచ్చు గానీ, అందులో ఉన్నదంతా అచ్చేసే హక్కు రాదు.

వందేళ్ల నాటి ఉత్తరానికి ఇంకా కాపీరైటేంటి అంటారేమో. అచ్చుకాని ఉత్తరానికి లెక్క రాసిన ఏడాది నుంచి కాదు, రాసినవారు పోయిన ఏడాది నుంచి. రెబ్బే 1994లో పోయారు. దానికి 70 కలిపితే 2064 చివరిదాకా హక్కు బతికే ఉంటుంది. ఆయనకు పిల్లల్లేరు, కాబట్టి అది వీలునామా ప్రకారం చేరాల్సినవారికి చేరుతుంది. ఒకటి రెండు వాక్యాలు ఉదహరించి మిగతాది మీ మాటల్లో చెబితే పెద్ద ఇబ్బంది ఉండదు. నవలా రచయిత జె.డి. శాలింజర్ ఉత్తరాల కేసులో 1987లో కోర్టు చాలా గట్టిగా పట్టుకుంది గానీ, 1992లో చట్టం మార్చి కొంత సడలించారు. ఉత్తరం మొత్తం చదవగలిగేలా ఫొటో పెట్టడం మాత్రం ఆ సడలింపు కిందికి వస్తుందని నేను చెప్పలేను.

అసలు టెన్షన్ పడాల్సింది కాగితం గురించి. గురువుకు పంపిన ఉత్తరమైతే అది ఆ గురువుది, తర్వాత ఆయన వారసులది. అక్కణ్నుంచి ఆ పెద్దావిడ ఇంటికి ఎలా వచ్చింది? ఇంకో సంగతి కూడా చూడండి. కాగితం పోస్టు కోసం మడిచినట్టుందా, కవరు గానీ చిరునామా గానీ ఉందా, లేక కొట్టివేతలతో చిత్తుప్రతిలా ఉందా? చిత్తుప్రతి అయితే అది గురువుకు చేరనే లేదు, రాసినవారి దగ్గరే ఉండాల్సిన కాగితం. అప్పుడు వాళ్ల సంస్థ అడిగిందంటే ఆ అడగడానికి బలం ఉంటుంది.

ఉత్తి భయం కాదిది. బ్రూక్లిన్‌లో 770 ఈస్టర్న్ పార్క్‌వేలోని వాళ్ల లైబ్రరీ నుంచి ఆరో రెబ్బే (మీ ఉత్తరం రాసినాయనకు ముందు ఆ పీఠంలో ఉన్నాయన) మనవడు కొన్ని వందల పుస్తకాలు తీసుకెళ్లి, తాతగారి ఆస్తి కదా అని అమ్మడం మొదలుపెట్టాడు. 1985లో దావా పడింది. 1987 జనవరిలో జడ్జి చార్లెస్ సిఫ్టన్ ఆ లైబ్రరీ వ్యక్తి ఆస్తి కాదు, సమాజం కోసం ఉంచినదని తీర్పిచ్చారు. కేసును తిప్పింది కూడా ఒక ఉత్తరమే. ఈ పుస్తకాలు సంస్థవేనని 1946లో ఆరో రెబ్బే స్వయంగా అలెగ్జాండర్ మార్క్స్ అనే పండితుడికి రాశారు. పుస్తకాలు కాపాడుకోవడానికి అలా రాశారే తప్ప నిజం కాదని అవతలి లాయర్లు వాదించినా కోర్టు ఒప్పుకోలేదు.

దొంగిలించిన వస్తువును ఎన్ని చేతులు మారాక ఎంత నిజాయితీగా కొన్నా, కొన్నవారికి హక్కు రాదు. న్యూజెర్సీలో అసలు యజమాని దావా వేయడానికి గడువు ఆరేళ్లే. అయితే అసలు యజమాని తగినంత వెతుకులాట చేసి కూడా ఆచూకీ దొరక్కపోతే, దొరికే దాకా ఆ ఆరేళ్లూ మొదలవవు. చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ కేసులో 1980లో తేలిన సూత్రమిది. న్యూయార్క్‌లో ఇంకా కష్టం, యజమాని అడిగి మీరు కాదన్న రోజు నుంచే గడువు లెక్క. వేలంశాలలు ఎక్కువగా అక్కడే ఉన్నాయి మరి. 2021 జులైలో తూర్పు యూరప్ యూదు సమాజాలవైన 17 పాత గ్రంథపు చుట్టలు, రాతప్రతులు వేలానికి వస్తే ఫెడరల్ అధికారులు పట్టుకున్నారు.

యూదుల ధర్మశాస్త్రంలో ఒకరి ఉత్తరం ఇంకొకరు అనుమతి లేకుండా చదవకూడదని సుమారు వెయ్యేళ్లుగా నిషేధం ఉంది. పాత కవర్ల మీద ఆ నిషేధాన్ని గుర్తుచేసే పొడి అక్షరాలు కూడా కనిపిస్తాయి. న్యూజెర్సీ కోర్టుకు దాంతో పనిలేదు గానీ, రేపు మీ ఉత్తరం కొనేవాళ్లు ఎక్కువగా ఆ సమాజం వాళ్లే.

బావగారి సలహా మాత్రం వినకండి. 75 ఏళ్లు దాటి చారిత్రక విలువ ఉన్న రాతప్రతి మన 1972 చట్టం ప్రకారం పురావస్తువు. ఒకసారి ఇండియాకి చేరితే ఆర్కియలాజికల్ సర్వే కాగితాలు లేకుండా మళ్లీ బయటకు తీయలేరు, అమ్ముదామంటే కొనేవాళ్లేమో అమెరికాలో ఉంటారు.

సేల్ రసీదు, ఆ రోజు ప్రకటన జాగ్రత్తగా ఉంచండి. సేల్ నడిపినవారి దగ్గర ఈ పెట్టె ఆ ఇంటిదేనని రెండు లైన్లు రాయించుకోండి. లామినేషన్ మాత్రం చేయించకండి. చేతిరాత నిపుణుడికి చూపించి, ఇప్పటికే అచ్చయిన రెబ్బే ఉత్తరాల సంపుటాల్లో ఇది ఉందేమో చూడమనండి. నిజమైనదేనని తేలితే, వేలంశాల కన్నా ముందు లాయర్ ద్వారా వాళ్ల లైబ్రరీకి ఒక ఉత్తరం రాయించడం మేలు. చాలాసార్లు వాళ్లే కొంటామంటారు. ఏడాది దాటాక అమ్మితే లాభం మీద ఫెడరల్ టాక్స్ 28 శాతం దాకా పడొచ్చు, అది మీ టాక్స్ లెక్కలు చూసే సీపీఏకి ముందే చెప్పండి.