క్లాట్ తీశాక మెదడులో బ్లీడింగ్ అవుతుందో లేదో ముందే చెప్పగలరా?

మీ నాన్నగారికి రాత్రి స్ట్రోక్ వస్తే తొడ దగ్గర నుంచి గొట్టం పంపి మెదడు నాళంలోని క్లాట్ (రక్తపు గడ్డ) తీశారని, "బ్లీడింగ్ అవ్వచ్చు, ఇప్పుడే చెప్పలేం" అని డాక్టర్ అన్నారని రాశారు. అది తప్పించుకునే మాట కాదండీ. నేను స్ట్రోక్ ఐసీయూలో నర్సుని. ఎవరికి ప్రమాదం ఎక్కువో చెప్పగలం, ఎవరికి అవుతుందో చెప్పలేం.

అంచనాకి స్కోర్లున్నాయి. మొదటి సీటీలో మెదడు ఎంత మేర దెబ్బతిందో చూసి 10కి మార్కులు వేస్తారు, దాన్ని ఆస్పెక్ట్స్ అంటారు. ఆ మార్కులు తగ్గేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. షుగర్ ఎక్కువున్నా, చికిత్స ఆలస్యమైనా, పక్క నాళాల నుంచి రక్తం సరిగా అందకపోయినా, క్లాట్ కోసం గొట్టం మళ్లీమళ్లీ పంపాల్సి వచ్చినా అంతే. రక్తం అందని నాళాల గోడలు నాని మెత్తబడిన కాలువగట్టులా ఉంటాయి, ప్రవాహం ఒక్కసారిగా తిరిగొస్తే గండి పడొచ్చు.

అలాగని క్లాట్ తీయించి తప్పు చేశామా అనుకోకండి. 2015లో వచ్చిన, ఈ చికిత్సని రోగుల మీద పరీక్షించి చూసిన ఐదు ట్రయల్స్‌ని కలిపి చూస్తే, పరిస్థితి దిగజార్చే బ్లీడింగ్ క్లాట్ తీసినవాళ్లలో 4.4 శాతం, తీయనివాళ్లలో 4.3 శాతం. తేడా లేనట్టే.

ఈ అంచనాలో మీ చేతిలో ఉన్నవి రెండున్నాయి. "ఆరింటికి పడిపోయారు" అంటారు చాలామంది, తీరా చూస్తే ఆరింటికి చూశారంతే. మనిషి ఆఖరుసారి మామూలుగా ఉన్నది ఎప్పుడో చెప్పాలి. రెండోది రక్తం పలచబడే మందులు. గుండె వాల్వు మార్చినవాళ్లు అసిట్రోమ్ వాడుతుంటారు, ఇంట్లోవాళ్లకి అది "గుండె మాత్ర" మాత్రమే! ఇంకా చెప్పకపోతే ఆ మందుల సంచీ ఇప్పుడైనా తెచ్చి చూపించండి.

బీపీ 160 ఉంటే ఎందుకు తగ్గించరని పేషెంటు వెంట వచ్చినవాళ్లు మాతో గొడవపడతారు. సాధారణంగా మొదటి రోజు పై బీపీ 180 దాటకుండా చూస్తాం. మరీ తగ్గించడమూ మంచిది కాదు. చైనాలో చేసిన ట్రయల్‌లో (2022లో వచ్చింది) 120 కంటే కిందికి దించినవాళ్లు తక్కువగా కోలుకున్నారు. టెన్షన్‌తో ఇంటి మాత్ర వేసేయకండి.

క్లాట్ తీసిన వెంటనే చేసిన సీటీలో తెల్ల మచ్చ కనబడిందంటే కంగారొద్దు. అది రక్తం కాక, చికిత్సలో నాళాలు కనబడడానికి ఎక్కించిన డై (రంగు మందు) కూడా కావచ్చు. డై అయితే ఒకటి రెండు రోజుల్లో చాలావరకు పోతుంది. చుక్కలుగా వచ్చే బ్లీడింగ్ చాలాసార్లు పైకి తెలియను కూడా తెలియదు, గడ్డకట్టి మెదడుని నొక్కేదే ప్రమాదం. కొత్తగా తలనొప్పి, వాంతి, మగత వచ్చినా, చెయ్యి బలహీనత పెరిగినా రౌండ్స్ దాకా ఆగకుండా వెంటనే సిస్టర్‌ని పిలవండి.

24 గంటలకి మళ్లీ సీటీ తీస్తారు. క్లాట్ కరిగించే ఇంజెక్షన్ కూడా ఇచ్చి ఉంటే, ఆస్పిరిన్ మామూలుగా అది చూశాకే మొదలుపెడతారు. "ఇంకా మందు వెయ్యలేదేంటి" అని ఈలోపు అనుమానపడకండి.