రంగు చల్లడం మాత్రం నీ చేత వద్దు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పాత కారు ఒకటి కొని, సొట్టలు తీయడం మొదలుకొని రంగు వేయడం వరకు సమస్తమూ స్వయంగా నేర్చుకోబోతున్నావని మీ అమ్మ చెప్పగానే, నా తరువాత మన ఇంట్లో ఇంకొకరు సుత్తి పడుతున్నారని పొంగిపోయాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో కింద రాస్తాను, ముందు పని సంగతి.

జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరవద్దు, స్టాండ్లు పెట్టు. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పు. గ్రైండర్ పట్టేటప్పుడు జుట్టు బిగించి ముడివేసుకో, కళ్లద్దాలు పెట్టుకో.

మొదట పాత ఇనుములోకి పోవలసిన తలుపేదైనా తెచ్చుకుని దాని మీద చేయి తిప్పు. పై రేకు సాధారణంగా ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు కనుక, ఆత్రపడి డాలీకీ (రేకు వెనుక ఆనించి పట్టే ఇనుప దిమ్మ) సుత్తికీ మధ్య పెట్టి బాదితే సాగిపోతుంది. సాగిన రేకు వేలితో నొక్కినప్పుడల్లా టప్పుమని లోపలికీ బయటికీ ఆడుతూ నీ సహనాన్ని పరీక్షిస్తుంది. అన్నిటికంటే చివరగా పడిన మడతను ముందు తీయాలి. సొట్ట చుట్టూ లేచిన గట్టును బయటినుంచి చిన్న దెబ్బలతో దించుతూ, లోపలినుంచి డాలీతో పల్లాన్ని నెట్టుకుంటూ రా. కంటికి సమంగా కనిపించినా నమ్మక, పలుచని గుడ్డ పరిచి దాని మీదుగా అరచేయి జరిపి చూడు.

పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్లకు మించిందంటే రేకు పని మిగిలి ఉన్నదని అర్థం. పుట్టీని గట్టిపరిచే హార్డెనర్, పుట్టీ బరువులో సుమారు 2 శాతం చాలు. త్వరగా గట్టిపడాలని ఎక్కువ కలిపితే ఆ మరక తరువాత రంగులోంచి పైకి తేలుతుంది. పుట్టీని తడిపి రుద్దవద్దు, అది నీరు పీల్చుకుంటుంది, ఆ నీరు కిందనున్న రేకును తుప్పు పట్టిస్తుంది. 80, 180, 320 నంబర్ల గరుకు కాగితాలతో వరుసగా, అడుగున దిమ్మె పెట్టి పొడిగా రుద్దు. ధూళి ముక్కులోకి పోకుండా మాస్కు కట్టుకో. కారు పైకప్పును మోసే స్తంభాల జోలికీ, తలుపు కిందనుండే గడప భాగం జోలికీ వెళ్లవద్దు. ప్రమాదంలో లోపలి మనుషులను కాపాడేవి అవే. వాటిలో వాడే గట్టి ఉక్కు వేడి తగిలితే బలం కోల్పోతుంది.

ఇక నా భయం. నాకు పని నేర్పిన మేస్త్రి చేతిలో అసాధ్యమైన నైపుణ్యం ఉండేది, ముక్కుకు మాత్రం తడిగుడ్డ తప్ప మరొకటి కట్టేవాడు కాదు. హార్డెనర్ కలిపి చల్లే మెరుపు రంగులు వచ్చినప్పుడు, వాసన పాత థిన్నర్ కంటే తక్కువగా ఉన్నదని సంతోషించాడు. ఆ రంగు హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్లు అనే రసాయనాలు హాని చేసే మోతాదులో కూడా వాసనతో హెచ్చరించవని మాలో ఎవరికీ తెలియదు. మొదట రాత్రిపూట దగ్గు వచ్చేది, జలుబే అనుకున్నాం. పని లేని రోజుల్లో తగ్గేది, మళ్లీ రంగు చల్లే గన్ పట్టగానే వచ్చేది. ఆ వరుసను గమనించవలసినవాళ్లం గమనించలేదు. చివరికి, పక్క షెడ్డులో ఎవరో రంగు చల్లుతున్నా ఆయనకు ఊపిరి అందేది కాదు, ఎందుకంటే శరీరం ఒకసారి ఆ మందుకు ఎదురు తిరిగితే తరువాత లేశమాత్రం తగిలినా ఉబ్బసం తెప్పిస్తుంది. అంతటి పనివాడు పని మానుకున్నాడు. షెడ్డు బయట దూరంగా కూర్చుని, మేము చేసే పనికి సైగలతో తప్పులు దిద్దేవాడు.

అందుకని కఠినంగా రాస్తున్నాను, కోపగించుకోకు తల్లీ. ఇలాంటి రంగులు చల్లేవారికి బయటి గాలిని గొట్టం ద్వారా అందించే ముసుగు, గాలిని లాగేసే గది ఉండాలి, చర్మమంతా కప్పుకోవాలి. నీ ఇంటి వెనుక అవి ఎక్కడినుంచి వస్తాయి? అడుగున బొత్తం నొక్కితే హార్డెనర్ కలిసే స్ప్రే డబ్బాలు కూడా ఆ జాతివే, చిన్నవని మోసపోకు. పై రంగుకు ముందు వేసే పూత, అంటే ప్రైమర్ కొన్నా డబ్బా మీది హెచ్చరిక చదివి, ఐసోసయనేట్ లేనిదే తీసుకో. రేకు, పుట్టీ, ప్రైమర్, రుద్దుడు వరకు నీవి. పై రంగు ఆ సదుపాయాలున్న పెయింటర్ చేతికి అప్పగించు. నూటికి తొంభై పాళ్ల పనితనం రంగు కిందే ఉన్నదని వాడే నీతో అంటాడు.

నా డాలీలు, రెండు సుత్తులు పార్సిల్‌లో పంపుతున్నాను. పుట్టీ పూయకముందే ఆ తలుపు రేకు ఫొటో పంపు. పూశాక పంపితే నేను చూడను.