దుబాయ్ నర్సరీ స్కూలు వాళ్లు డిగ్రీ వెనక్కి పంపితే

ఉద్యోగానికి ఇచ్చిన డిగ్రీని నర్సరీ స్కూలు వెనక్కి పంపిందని రాశారు. లామినేట్ చేసిన ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) డిగ్రీకి జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్ మీద అపోస్టిల్ (ఒప్పందంలో ఉన్న దేశాల్లో చెల్లే ధ్రువీకరణ ముద్ర) వేయించానన్నారు. చిక్కు అక్కడే. యూఏఈ అపోస్టిల్ ఒప్పందంలో లేదు, ఎంబసీ అటెస్టేషనే, అంటే ఎంబసీ వేసే ధ్రువీకరణ ముద్రే కావాలి.

1. అందరూ వదిలేసేది లామినేషన్ సంగతి. ముద్రలు ఒరిజినల్ వెనకవైపు, కాగితం మీదే పడాలి. ప్లాస్టిక్ మీరే పీకకండి, అక్షరాలు దాంతోపాటే లేచొస్తాయి. తిరుపతిలో ఇంట్లోవాళ్లకు ఆథరైజేషన్ లెటర్ పంపండి. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో డూప్లికేట్ గురించి అడగమనండి. వచ్చాక దయచేసి దాన్నీ లామినేట్ చేయించొద్దు.

2. ఆ డూప్లికేట్ మీద ముందు రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, తర్వాత మన విదేశాంగ శాఖది. కాగితాలు విదేశాంగ శాఖ నేరుగా తీసుకోదు, వాళ్లు నియమించిన ఏజెన్సీకే ఇవ్వాలి.

3. ఆపైన యూఏఈ ఎంబసీ, ఆఖరున దుబాయ్‌లో అక్కడి విదేశాంగ శాఖ.

ఈలోగా డూప్లికేట్ అర్జీ రసీదు నర్సరీ హెచ్‌ఆర్‌కు పంపి గడువు అడగండి.